ఎనిమిదో తరగతిలో ఏకగ్రీవం

ఈ రోజు మా ఎనిమిదో తరగతి పిల్లలకు ఓటు హక్కు పాఠం చెప్పాను. ఊరికే చదివించడమెందుకని, క్లాస్ లీడర్‌ని ఓట్లు వేసి ఎన్నుకుందామన్నాను. సుభాషిణి, దీవెన పోటీకి లేచారు. పోలింగ్ భోజనాల తర్వాత అని చెప్పి, చీటీలు కత్తిరించుకుని మళ్ళీ క్లాసుకు వెళ్ళేసరికి దీవెన నిలబడి ఉంది.

"నేను తప్పుకుంటన్నా టీచర్. మేమంతా మాట్లాడుకున్నాం. ఏకగ్రీవం చేసెయ్యండి."

"ఎవరైనా బెదిరించారా?"

"లేదు టీచర్. మా నాన్న వార్డు మెంబరుకి నిలబడినప్పటి నుంచి మా పెదనాన్నోళ్ళు మాతో మాట్లాడట్లా. ఇప్పుడు క్లాసులో గూడా అట్నే అయితే నేనెవరి పక్కన కూర్చోవాల?"

ఎవరు ఎవరికి వేశారో తెలియదమ్మా, రహస్యంగానే గదా వేసేది అన్నాను. ఆ పిల్ల నా వంక జాలిగా చూసింది.

"మన ఊళ్ళల్లో తెలవకుండా ఉంటదా టీచర్?"

క్లాసులో ఒక్కరూ కాదనలేదు. బలవంతం చేయడానికి నాకు మనసొప్పలేదు. బోర్డు మీద సుభాషిణి పేరు రాశాను. అందరూ చప్పట్లు కొట్టారు, దీవెనతో సహా. సుభాషిణి మాత్రం తలెత్తలేదు.

నాకు సాయంత్రం నుంచీ అదే దిగులుగా ఉంది. పదమూడేళ్ళ పిల్ల ఇంత లెక్క వేసుకుని తప్పుకుందంటే, తప్పు ఆ పిల్లదని ఎట్లా అనను?

రేపు పాఠం చివరి ప్రశ్నలకు జవాబులు చెప్పాలి. మొదటి ప్రశ్న, 'రహస్య ఓటింగు వలన ఉపయోగమేమి?' దీవెన ముందు నిలబడి ఏం చెప్పమంటారు?