గేటు పక్క నల్లబల్ల

తెలుగంటే నాకు వచ్చిందే తెలుగు అని గట్టిగా నమ్ముతున్న వయసులో విశాఖపట్నం వచ్చాను. డెబ్బైల చివరి మాట. కృష్ణా జిల్లాలో పుట్టి, అక్కడే తెలుగు పండితురాలిగా చదువు పూర్తిచేసి, పోర్టులో గుమస్తాగా ఉన్న ఆయన్ని పెళ్ళి చేసుకుని ఇక్కడ రైలు దిగాను. వన్ టౌన్‌లో ఇరుకు సందులో రెండు గదుల ఇల్లు. మొదటి నెలంతా కిరాణా కొట్టు దగ్గర జనం మాట్లాడేది సగం అర్థమయ్యేది, సగం అయ్యేది కాదు. అర్థం కాని సగం వాళ్ళ తప్పేనని తీర్మానించేశాను. అప్పట్లో నాకు కాస్త పొగరుండేది. ఇప్పుడూ పూర్తిగా పోలేదని మా ఆయన అంటూ ఉంటారు.

జాలరిపేట నుంచి సీతమ్మధార వైపు వెళ్ళే దారిలో ఒక బడి ఉండేది. అందులో తెలుగు టీచరుగా చేరాను. తాత్కాలికం. ఏడాది చివర హెడ్మాస్టరుగారు నా గురించి నాలుగు మంచి ముక్కలు రాసి పైకి పంపితే ఉద్యోగం ఖాయమవుతుంది, లేదంటే ఇంటికే. నాకు ఆ ఉద్యోగం ఎంత కావాలంటే, ఆయన సైకిలు గేటులోకి రాకముందే నేను రోజూ బడిలో ఉండేదాన్ని.

పిల్లలు హుషారైనవాళ్ళే. ఆటల గంటలో వాళ్ళ నోళ్ళు వినాలి. వ్యాసం రాయమంటే మాత్రం పది మాటలతోనే ఊరంతా తిరిగొచ్చేవాళ్ళు. పండగ బాగుంటుంది, సముద్రం బాగుంటుంది, ఆవు కూడా బాగుంటుంది. చదివి చదివి నాకు ఒళ్ళు మండిపోయి రోజుకో కొత్త మాట నేర్పాలని నిశ్చయించుకున్నాను. గేటు పక్కన రోడ్డువైపు గోడకి సెలవుల సంగతి రాసే నల్లబల్ల ఒకటి ఉండేది. సెలవులు ఏడాదికి ఎన్నని? ఆ బల్లని నేను పట్టేశాను. పొద్దున్నే దానిమీద ఒక మాట రాసేదాన్ని. ఏడో తరగతి పిల్లలంతా దాన్ని సాయంత్రంలోగా బడి బయట ఎవరైనా పెద్దవాళ్ళ దగ్గర వాడాలి. వాడితే ఏమైందో మర్నాడు క్లాసులో చెప్పాలి. అదీ షరతు.

ఇక చూడండి. ఒక పిల్ల ‘అమోఘం’ అన్న మాటని అమ్మమ్మ వండిన నెత్తళ్ళ చేపల పులుసు మీద ప్రయోగించింది. “ఉప్పెక్కువైనాదని సెప్పడానికి అంత మాటెందుకే” అని అమ్మమ్మ కంచం లాగేసుకుందట. ఇంకొకడు సిటీ బస్సులో కండక్టరుతో తను ఈ స్టాపులో దిగడం అనివార్యం అన్నాడు. “దిగు బావూ, ఎవలొద్దన్నారు” అన్నాడట కండక్టరు. తెలుగు పీరియడ్‌లో మొదటి పావుగంట ఇలా నవ్వులతోనే గడిచిపోయేది. రెండు నెలలు తిరిగేసరికి వ్యాసాల్లో ఆవు సాధుజంతువైంది, సముద్రం గంభీరమైంది. నా సంతోషం చెప్పలేను.

నేను లెక్కలోకి తీసుకోనిదల్లా రోడ్డుని. పొద్దున్నే జాలరిపేట ఆడవాళ్ళు తలమీద చేపల గంపలతో ఆ దారినే ఊళ్ళోకి వెళ్ళేవాళ్ళు. వాళ్ళలో నలభై దాటిన ఒకావిడ, బాగా పొడగరి, ఒకరోజు బల్ల ముందు ఆగింది.

“ఏటమ్మా పంతులమ్మా, ఇయ్యేల ఏటి రాసినావు?”

‘జాప్యం’ అని చదివి, ఆలస్యం చెయ్యడం అని అర్థం చెప్పాను. ఆవిడ ఆ మాటని నోట్లో రెండుసార్లు తిప్పుకుని, “జాప్యం సేత్తే సేపలు పాడైపోతాయి” అని వెంటనే వాక్యం కట్టేసి వెళ్ళిపోయింది. మా ఏడో తరగతిలో అంత చురుకైన బుర్ర లేదు. ఆ మర్నాటి నుంచి ఆవిడ రోజూ ఆగేది, వెనక మరో నలుగురైదుగురు. అక్షరం ముక్క రాదు గానీ ఒకసారి వింటే మరిచిపోయేది కాదు. పిల్లల కంటే ముందు ఆవిడ కోసమే మాట వెతుక్కోవడం నాకు అలవాటైపోయింది.

ఏడాది చివరికొచ్చింది. ఒక మధ్యాహ్నం హెడ్మాస్టరుగారు తన గదిలోకి పిలిచారు. ఆయన గోదావరి మనిషి, కోపాన్ని కూడా మర్యాదగానే చూపించేవారు.

“మీ బల్లమీద మాట మా గుమ్మంలోకి వచ్చిందండి టీచరుగారూ” అన్నారు.

విషయమేమిటంటే, వాళ్ళిల్లు సీతమ్మధారలో. ఆ పొడగరి రోజూ చేపలు వేసేది వాళ్ళింట్లోనే. ముందురోజు నేను రాసిన మాట ‘లుబ్ధురాలు’, అంటే పిసినారి. చందువా చేప బేరం తెగక ఆవిడ ఆ మాటని హెడ్మాస్టరుగారి భార్య మీద వాడేసింది.

“మా ఆవిడ లోపలికొచ్చి అర్థం అడిగింది, చెప్పాను” అన్నారాయన. “ఇరవయ్యేళ్ళ కాపురంలో నేను అనడానికి సాహసించని మాటండి అది. రేపట్నుంచి బల్లమీద రాయకండి. మీ కాగితం నా బల్లమీదే ఉంది, రేపో ఎల్లుండో పంపాలి.”

రెండు సంగతులూ ఒకే గుక్కలో చెప్పారు. నాకు బాగానే అర్థమైంది.

మర్నాడు రాయలేదు. స్టాఫ్ రూము కిటికీ చాటు నుంచి చూశాను. గంపలు దించకుండానే కాసేపు ఖాళీ బల్ల ముందు నిలబడి వెళ్ళిపోయారు వాళ్ళు. క్లాసులో పిల్లలు అడిగితే పరీక్షలొస్తున్నాయి, పాఠం చూడండని కసిరాను. ఆ తర్వాతి రోజు గేటు దగ్గరే పొడగరికి దొరికిపోయాను.

“ఏటమ్మా, రెండు రోజులనుంచి మాట నేదు?”

“చాక్‌పీసులు అయిపోయాయమ్మా” అన్నాను. ఆ క్షణాన నోటికొచ్చిన అబద్ధం అది.

“ఆయమ్మ కూడా అడుగుతంది, పంతులు పెళ్ళాం. ఇయ్యేల మాటేదని. నాను ఏటి సెప్పగల్ను? ఇద్దరం మూగోలమైపోనాం” అంటూ గంప సర్దుకుని వెళ్ళిపోయింది. హెడ్మాస్టరుగారి భార్య ఆ మాట అడగడమేమిటో ఆలోచించే స్థితిలో లేను. ఆడిన అబద్ధమే మనసులో తిరుగుతోంది.

మూడో రోజు పొద్దున నాకంటే ముందే వచ్చి గేటు దగ్గర నిలబడి ఉంది. గంప కింద పెట్టి, కొంగు ముడి విప్పి, ఒక చాక్‌పీసుల పెట్టె నా చేతిలో పెట్టింది. అట్టపెట్టె చేపల తడికి మెత్తబడిపోయి ఉంది.

“మారుకెట్లో కొన్నాను. తెల్లవి నేవన్నాడు, రంగువిచ్చినాడు. పనికొత్తాయా?”

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. నిజం చెప్పేద్దామనుకుని, పనికొస్తాయని మాత్రం అన్నాను. ఎదురుగా హెడ్మాస్టరుగారి గది కిటికీ తెరిచే ఉంది, ఆయన సైకిలు కూడా గోడకి ఆనించి ఉంది. ఉద్యోగం పోతే పోయిందనుకున్నాను. గులాబీ రంగు చాక్‌పీసు తీసి బల్లమీద ‘ధిక్కారం’ అని పెద్దగా రాసేశాను.

“ఏటి దీనర్థం?”

“పెద్దవాళ్ళు వద్దన్న పనిని వాళ్ళ ఎదురుగానే చెయ్యడం.”

“ఓస్, అది రోజూ సేత్తన్నాం” అంది పొడగరి. వెనకవాళ్ళు నవ్వారు. వాళ్ళు గంపలెత్తుకుని కదులుతుండగానే హెడ్మాస్టరుగారు గేటు దగ్గరికి వచ్చారు. బల్లకేసి చూశారు. నాకేసి చూశారు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఆ మాట దించుకున్నారు.

“బల్లమీద మాట మళ్ళీ రాయించి, రాసుకు రమ్మందండి మా ఆవిడ” అన్నారు, ఎటో చూస్తూ. “లుబ్ధురాలు అన్నందుకు ఆవిడకి కోపం రాలేదట. తిరిగి అనడానికి మాట దొరకలేదనే ఆవిడ బాధ. బల్ల ఆపింది నేనే అని తెలిసిన దగ్గర్నుంచి ఇంట్లో నాతో మాట్లాడింది ఈ ఒక్క ముక్కే. రోజూ రాయండి. అయితే దీన్ని ఆవిడ చేపల మనిషి మీద వాడుతుందో, నామీద వాడుతుందో తెలియడంలేదు.”

నాకు ప్రాణం లేచొచ్చింది. నా కాగితం సంగతేమిటని తడబడుతూ అడిగాను.

“నిన్ననే పంపించేశానండి. విధేయురాలు, చెప్పిన మాట జవదాటదు అని ప్రత్యేకంగా రాశాను” అన్నారాయన, బల్లని ఇంకోసారి చూస్తూ. “మీరు ఒక్కరోజైనా దాన్ని నిజం కానివ్వలేదు.”

ఉద్యోగం ఖాయమైంది. ఉత్తర్వు చేతికొచ్చిన రోజున మా ఆయన మిఠాయి తెచ్చి సందులో అందరికీ పంచారు. నేనూ తిన్నాను, సంతోషంగానే తిన్నాను. కానీ అది నా రెండు రోజుల పిరికితనం చూసి ఇచ్చిన ఉద్యోగమని నాకు తెలుసు. దాన్ని న్యాయంగా సంపాదించుకోవడానికి ఆ తర్వాత పాతికేళ్ళు పట్టింది.