వీధంతా రాసిన ఒకే జవాబు

మా సర్వే ఆఫీసు ప్రేమ్ బజార్‌లో ఒక స్టేషనరీ షాపు పైగది. ఆ ఏడు, బెంగాల్‌కి వలసొచ్చిన మా తెలుగువాళ్లుండే ఓల్డ్ సెటిల్‌మెంట్ పేటలో ఇంటింటికీ ఫారాలు పంచి, మీ ఇబ్బందేమిటో మీ మాటల్లో రాయండని అడిగాం. ఆ రాతలన్నీ చదివి పట్టిక వేసిపెట్టే సాఫ్ట్‌వేర్‌ని ఎంచుకునే పని నాకు అప్పగించారు.

మొదట చూసిన సాఫ్ట్‌వేర్ బెంగాలీ, హిందీ కలిసిన మా తెలుగు దగ్గరే చేతులెత్తేసింది. రెండోది మా తెలుగు చదివింది, పైగా ఒకే మాటతో ఉన్న జవాబుల్లో ఒక్కటి ఉంచి మిగతావన్నీ నకళ్లని తీసిపారేసింది. పట్టిక అద్దంలా వచ్చింది. దాన్నే కొనిపించి, ఏదో ఘనకార్యం చేసినట్టు మురిసిపోయాను.

రిపోర్టు వెళ్లిపోయిందని ఇంట్లో చెప్పాను. రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన నాన్న ఆత్రంగా కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"వానొస్తే కాలవ నీళ్లు వంటింట్లోకి వచ్చేస్తన్నాయని మన వీధంతా ఒకే మాట రాసినాం. నానే రాసిచ్చినాను, అందరూ సూసి దించినారు. తలో మాట రాస్తే ఎవుడింటాడు? యూనియన్ అర్జీలు అలాగే రాసీవోళ్లం. ఇంతకీ ఎంతమందిమని ఎక్కించినావు?"

పట్టికలో ఆ జవాబు అట్టడుగున ఉంది. దాని పక్కన ఉన్న అంకె 1.

"అందరూ అని ఎక్కించినాను నాన్నా."

తృప్తిగా తలూపి, వంటింటి గడపకి అడ్డంగా వేసిన తడి గోనెసంచి పిండడానికి లేచాడు.