అడిగి తిన్న సంగటి

నిన్న మధ్యాహ్నం వాల్మీకిపురం పోస్టాఫీసులో ఒక పెద్దాయన నా కౌంటరు ముందుకొచ్చి పాస్‌బుక్కు అందించాడు. ఆయన చేతి నుంచి నీలగిరి తైలం వాసన ఘాటుగా వచ్చింది. చేతులు పని చేస్తూనే ఉన్నా, మనసు మాత్రం మదనపల్లెలో నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులకు వెళ్ళిపోయింది. అక్కడ మా పోస్టుమాస్టరు మునెప్ప సార్ మోకాళ్ళకు ఆ తైలమే రాసుకునేవారు. ఆయన గదిలోకి వెళ్తే ముందు వాసన పలకరించేది, తర్వాత ఆయన.

మునెప్ప సార్‌ది రామకుప్పం దగ్గర ఒక పల్లె. పోస్ట్‌మన్‌గా చేరి, పరీక్షలు రాసి పైకొచ్చారు. నేను చేరేనాటికి ఆయన రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్నారు. కొంచెం పొట్ట, చక్కెర జబ్బు, గది దాటి వినిపించే నవ్వు. దేనికీ మొహమాటపడే మనిషి కాదు. మా టిఫిన్ డబ్బాల్లో ఏముందో అడిగి మరీ రుచి చూసేవారు. బస్సులో చోటు లేకపోతే "కొంచెం జరగప్పా" అని కూర్చునేవారు. నాకు అదంతా చిన్నతనంగా అనిపించేది. నేను పెరిగిన తీరు వేరు. మాది పెద్దతిప్పసముద్రం. నాన్న చిన్నవయసులోనే పోయాక, ఎవరి గడపలోనూ ఏదీ అడగకూడదని అమ్మ మాకు నేర్పింది. దప్పికైనా ఇంటికొచ్చాకే నీళ్ళు తాగేదాన్ని. పరుగు నాకు నచ్చింది కూడా బహుశా అందుకే. రోజూ పొద్దున్నే బూట్లు వేసుకుని రోడ్డెక్కితే చాలు, ఇంకెవరి అవసరమూ ఉండదు.

నా తమ్ముడు హరికి పుట్టుకతోనే వినపడదు. కుప్పంలో వినపడని పిల్లల బడిలో చదువుకుని, అక్కడే పిల్లలకు వడ్రంగం నేర్పే పనిలో కుదిరాడు. పల్లెల నుంచి పిల్లల్ని తెచ్చే ఆ బడి వ్యాను ఒక ఏడాది పూర్తిగా మూలపడింది. వ్యాను రాక కొందరు పిల్లలు చదువు మానేశారు. కొత్త వ్యాను కోసం బడివాళ్ళు మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం దాకా సైకిల్ యాత్ర పెట్టారు. తొక్కేవాళ్ళు తెలిసినవాళ్ళందరినీ అడిగి చందాలు పోగుచెయ్యాలి. నేను వెంటనే పేరిచ్చాను. రోజూ పరుగెత్తే కాళ్ళకు సైకిల్ ఒక లెక్కా అనుకున్నాను. చందాలు అడగడానికి మాత్రం నోరు పెగల్లేదు.

ఈ సంగతి సార్ చెవిన పడింది. గదిలోకి పిలిచారు.

"ఎంతమందిని అడిగినావమ్మా?"

"ఎవర్నీ అడగలేదు సార్. నా జీతంలోంచే ఇచ్చేస్తా."

"నీ జీతానికి వ్యాను వస్తాదా? యాల అడగవు?"

"ఏమనుకుంటారో అని సార్."

"ఏమనుకుంటారు? ఇచ్చేటోళ్ళు ఇస్తారు, లేనోళ్ళు లేదంటారు. నువ్వు అడక్కపోతే ఇయ్యాలనుకునేటోళ్ళకు గూడా దారి మూసేస్తాండావు."

అంతటితో ఆగలేదు. నన్ను వెంటబెట్టుకుని టమాటా మార్కెట్టులో మండీ మండీకీ తిరిగారు. ఒక్కో దుకాణం ముందూ "మా సరళ సైకిల్ తొక్కుతాండాది, పిల్లోళ్ళ వ్యాను కోసం" అని మొదలుపెట్టేవారు. నేను పక్కన తలొంచుకుని నిలబడేదాన్ని. ఆఖరికి ఒక మండీలో ఉత్సాహం ఆపుకోలేక "నేనూ తొక్కుతాండా" అనేశారు. ఆఫీసంతా నవ్వింది. ఆయన భార్య మాత్రం నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని, "ఆయప్ప చెప్తే ఇనడు. టయానికి తినకపోతే కండ్లు తిరుగుతాయి. నువ్వే సూసుకోవల్ల" అంది.

ఆదివారాలు పుంగనూరు దాకా తొక్కి సాధన చేశాం. పరుగు వేరు, సైకిల్ వేరు అని మొదటి వారమే తెలిసింది. నా అరచేతులు తిమ్మిరెక్కేవి, సీటు మీద కూర్చోలేక కన్నీళ్ళొచ్చేవి. సార్ నిదానంగా వెనక వస్తూ, దారిలో కనబడిన ప్రతివాళ్ళతో మాట్లాడుతూ వచ్చేవారు.

యాత్ర రోజు వి.కోట దాకా కలిసే వెళ్ళాం. అక్కడ నన్ను ముందుకు పొమ్మన్నారు. "నువ్వు నా కోసరం కాచుకుంటా ఉంటే నాకు తొక్కబుద్ధి కాదు. పో, నేను వస్తా." తోడుగా వచ్చే వ్యాను వెనకే ఉంది కదా అన్న ధైర్యంతో కదిలాను. రామకుప్పం వైపు ఒక మలుపు దగ్గర నీళ్ళు తాగడానికి అందరూ ఆగాం. తోడు వ్యాను కూడా వచ్చేసింది. సార్ రాలేదు. టీ తాగుతున్నాను, మీరు పదండి అన్నారట డ్రైవరుతో. ఫోను చేస్తే స్విచ్చాఫ్. అంతలో వెనక నుంచి వచ్చిన ఒక మోటారుసైకిలతను, అడవిలోంచి ఏనుగులు రోడ్డు మీదికి వచ్చాయనీ, అటవీశాఖవాళ్ళు బండ్లు ఆపేస్తున్నారనీ చెప్పాడు.

సైకిల్ వెనక్కి తిప్పాను. నన్నూ దారిలో ఆపేశారు. ఏనుగులు అడవిలోకి మళ్ళేదాకా పోనిచ్చేది లేదన్నారు. ఆ రోడ్డు పక్కన నిలబడి ఉన్నంతసేపూ ఆయన భార్య ముఖమే కళ్ళ ముందు మెదిలింది. ఆమెకు ఏమని చెప్పాలి? వదిలిన వెంటనే, రెండు పక్కలా గుంతల్లోకి, పొదల్లోకి చూసుకుంటూ తొక్కాను. గట్టిగా పిలుస్తూ తొక్కాను.

ఒక ఇంటి గోడకు ఆయన సైకిల్ ఆనించి ఉంది. లోపల అరుగు మీద సార్ పళ్ళెం ముందు కూర్చుని సంగటి తింటున్నారు.

సైకిల్ అక్కడే పడేసి అరుగు మీద కూలబడి ఏడ్చాను. ఏడుస్తూనే నవ్వాను.

"యాల ఏడుస్తాండావు? ఏనుగులు నన్ను సూసి బయపడి పోయినాయి" అన్నారు సార్. తర్వాత నెమ్మదిగా చెప్పారు. "కండ్లు తిరిగేటట్ల ఉండింది. ఫోన్లో చార్జి లేదు. ఈ తల్లి వాకిట్లో నిలబడి, ఆకలిగా ఉండాదమ్మా, ఏమన్నా పెట్టు అన్నా."

ఆ ఇంటి ఇల్లాలు నన్ను చూసి, "నీళ్ళు తాగుతావామ్మా?" అంది.

"వద్దమ్మా, ఉన్నాయి" అన్నాను. నా సీసా ఖాళీగా ఉంది. సార్ ఆ సీసాను చూశారు, నన్ను చూశారు, మళ్ళీ సంగటి ముద్ద తుంచుకున్నారు. ఇంటి వెనక చేను కనబడుతోంది. రాగి పైరును ఏనుగులు సగం తొక్కేశాయి. అంత నష్టపోయిన ఇంట్లో తినడమా అనుకున్నాను. కానీ పొద్దుటి నుంచి ఒక అరటిపండు తప్ప కడుపులో ఏమీ లేదు. వేడి సంగటి మీద ఊరిబిండి పచ్చడి వాసన.

"అమ్మా, నాకూ కొంచెం పెడతారా?"

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"అడిగేదానికి ఇంతసేపా!" అని ఆమె నవ్వింది. "నీ మొకం సూస్తానే తెలిసిపాయ. కాళ్ళు కడుక్కో పో."

అంత రుచిగా నేను ఎప్పుడూ తినలేదు. తిన్నాక సార్ ఆమె కొడుకు ఫోను అడిగి ఇంటికి మాట్లాడారు. అటునుంచి తిట్లు నాకూ వినిపించాయి. ఆయన "సరే, సరే" అంటూ హాయిగా నవ్వారు.

కుప్పానికి అందరికంటే ఆఖరున చేరింది మేమే. బడి గేటు దగ్గర హరి మా కోసం నిలబడి ఉన్నాడు. ఇంతసేపు ఎక్కడికి పోయారని చేతులతో గద్దించాడు. సార్‌కు ఆ సైగల భాష రాదు. ముక్కు దగ్గర చెయ్యి పెట్టి తొండంలా ఊపి, తర్వాత పొట్ట నిమిరి చూపించారు. హరి పొట్ట పట్టుకుని నవ్వాడు. చుట్టూ పిల్లలు చేరి, అందరూ తొండాలు ఊపడం మొదలుపెట్టారు. వ్యాను ఆ తర్వాత కొన్ని నెలలకు వచ్చింది. చదువు మానేసిన పిల్లలూ తిరిగి వచ్చారు.

సార్ రిటైరై పల్లెకు వెళ్ళిపోయారు. కొన్నేళ్ళు చేను చూసుకుని, ఒక రోజు నిద్రలోనే పోయారు. బాధపడకుండా పోయారని ఆయన భార్య నాకు ఒకటికి రెండుసార్లు చెప్పింది.

ఈ మధ్య మా అమ్మ జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషనయ్యాక ఆసుపత్రిలో నేనొక్కదాన్నే మంచం పక్కన ఉన్నాను. హరి రావడానికి ఇంకా సమయం పడుతుంది. మునుపటి నేనైతే కుర్చీలో అలాగే కూర్చుని, ఎవరైనా పలకరిస్తే "పర్లేదండీ" అనేదాన్ని. ఆ రోజు పక్కింటి రాజేశ్వరక్కకు ఫోను చేశాను.

"అక్కా, నాకు చేతకావడం లేదు. కొంచెంసేపు అమ్మ దగ్గర కూర్చుంటారా?"

"ఏ వార్డు?" అంది. అప్పటికే అటువైపు గేటు తీస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఆమె వచ్చాక నేను ఇంటికి వెళ్ళి, స్నానం చేసి, కడుపు నిండా తిని, సాయంత్రం దాకా నిద్రపోయాను.