మరకలు పసిగట్టే మనిషి

లాండ్రీలో ఆమెను అందరూ ‘ముక్కక్క’ అనేవారు. బట్ట మీద పడ్డ మరక నూనెదో, సిరాదో వాసన చూసి చెప్పేది. మరకేమిటో తెలియకుండా మందు వేస్తే గుడ్డ పాడవుతుంది. అందుకే ఇరవై రెండేళ్లుగా ఖరీదైన బట్ట ఏదొచ్చినా ముందు ఆమె బల్ల మీదికే చేరేది. ఒకసారి ఒక పెద్దమనిషి తన కోటు మీద పడింది టీ అని బల్లగుద్ది చెప్పాడు. ఆమె వాసన చూసి దగ్గుమందు అంది. ఆయన లోపలి జేబులో చెయ్యిపెట్టి, మూత వదులైన సీసా ఒకటి బయటికి తీశాడు.

నలభై ఆరో ఏట ఆమె ఇస్త్రీ బల్లల మూలలకు గుద్దుకోవడం మొదలైంది. ఎదురుగా ఉన్నవి బాగానే కనిపించేవి, పక్కలే మసక. కౌంటరులో కూర్చునే ఆడపడుచు, “కళ్లు నెత్తికెక్కాయా వదినా?” అని నవ్వేది. నెల తిరిగేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. మెదడు అడుగున, పిట్యూటరీ గ్రంథి దగ్గర చిన్న కణితి ఉందని స్కానింగులో తేలింది. క్యాన్సర్ కాదు గానీ చూపు నరాలను నొక్కుతోంది. ముక్కులోంచి వెళ్లి తీసేస్తామన్నారు.

దారి ముక్కే అయితే మరి వాసన సంగతేమిటని ఆమె అడిగింది. సర్జను కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. వాసన నరాలు ముక్కు పైకప్పులో ఉంటాయట, పరికరాలు వాటికి కిందుగా వెళ్తాయట. వాపు వల్ల కొన్ని వారాలు వాసన తెలియకపోవచ్చు. చాలామందికి కొన్ని నెలల్లో తిరిగొస్తుంది, కొందరికి తగ్గిపోతుంది, బహుకొద్దిమందికి అసలే రాదు.

“మీరు వీళ్లలో ఏ కోవలోకి వస్తారో ముందే చెప్పలేనమ్మా.”

“చూపు పోతే మరకే కనపడదు కదా డాక్టరమ్మా. కానివ్వండి,” అంది.

ఆపరేషనయిన కొద్ది రోజులకే, ఆమె తల తిప్పకుండానే మంచం పక్కన నిలబడ్డ భర్త కనిపించాడు. వాసన మాత్రం బొత్తిగా లేదు. ఉప్పు, పులుపు, తీపి తెలిసేవి, అంతకుమించి ఏం తిన్నా గడ్డి నమిలినట్టే. ఇన్నాళ్లూ నాలుక పని అనుకున్నది సగానికి పైగా ముక్కే చేసేదా అని ఆమె విస్తుపోయింది.

పుండు మానాక సర్జను చెప్పినట్టు నిమ్మతొక్క, లవంగాలు, కాఫీపొడి, సబ్బుముక్క ఒక్కోటి ఒక్కో సీసాలో పెట్టుకుని రెండు పూటలా వాసన చూసేది. బస్సు డ్రైవరైన భర్త ఒకరోజు కళ్లు మూయించి ఖాళీ సీసా అందించాడు. ఆమె “లవంగం” అంది. ఇద్దరూ పొట్టచెక్కలయ్యేలా నవ్వారు. తర్వాత చాలాసేపు ఆమె దాని గురించే ఆలోచించింది. లేని వాసన ఎక్కణ్ణుంచి వచ్చింది?

పనిలో ఊరికే కూర్చోలేదు. నీటిచుక్క వేసి చూసేది. అది ఇంకకుండా పూసలా నిలిస్తే జిడ్డు మరకన్నమాట. బట్ట తెచ్చినవాళ్లను వివరంగా అడిగేది. ఇంకా తేలకపోతే ఆడపడుచును పిలిచి వాసన చూడమనేది.

తొమ్మిదో వారంలో కాఫీ సీసా తెరవగానే ముఖం చిట్లించింది.

“ఏమైంది వదినా?”

“కాలిన రబ్బరు కంపు,” అంది, కళ్లల్లో నీళ్లతో నవ్వుతూ.

కాఫీ మళ్లీ కాఫీలా తోచడానికి మరో నాలుగు నెలలు పట్టింది. ఏడాదికి ఆస్పత్రిలో నలభై వాసనలతో పరీక్ష పెట్టారు. ఆపరేషనుకు ముందు ముప్పై ఎనిమిది చెప్పగలిగిన మనిషి ఈసారి ముప్పై మూడు చెప్పింది. తప్పినవేవో చూపించమని అడిగి, ఒక్కొక్కటీ మళ్లీ వాసన చూసింది. విరిగిన పాల వాసన మాత్రం ఎంత పీల్చినా అందలేదు.

ఇప్పుడు పాల మరక అనుమానమొస్తే ఆడపడుచే చూస్తుంది. పని తక్కువున్న మధ్యాహ్నాల్లో ఇద్దరూ తాళంచెవి, తడిగోడ, పాత పేపరు, కొత్త పేపరు తెచ్చుకుని వాసన చూస్తారు. ఇనుముకు సొంత వాసన ఉందా, అది పట్టుకున్న చేతిదా అన్న వాదన వాళ్లిద్దరి మధ్య ఇంకా తేలలేదు.