గంజి పెట్టిన నోట్లు

నా చిన్నప్పుడు రాయగడ రైలు కాలనీలో మా ఇంటికీ పక్కింటికీ నడుమ గోడ ఒక్కటే ఉండేది. ఆ పక్కింట్లో ఒక తాతయ్య ఉండేవాడు. మాకు చుట్టం కాదు. కూతురి పంచన ఉండేవాడు, అంతే. ఆయన మొహం ఇప్పుడు నాకు సరిగ్గా గుర్తు రావడం లేదు. ఏం చెయ్యను, ఎందరి మొహాలని గుర్తుంచుకోను. ఆయన చేతులు మాత్రం బాగా గుర్తున్నాయి. ఎప్పుడూ వణుకుతూ ఉండేవి.

తాతయ్య వయసులో ఉండగా తమ్ముణ్ణి వెంటబెట్టుకుని రంగం వెళ్లాడట. రంగూన్‌ని మావాళ్లు రంగం అనేవారు. అక్కడ బియ్యం మిల్లులో అన్నదమ్ములిద్దరూ మూటలు మోశారు. యుద్ధం వచ్చి ఊరి మీద బాంబులు పడితే, జనంతోపాటు వాళ్లూ కొండలూ అడవులూ పట్టి నడుచుకుంటూ బయల్దేరారు. తమ్ముడు దారిలోనే జ్వరంతో పోయాడు. తాతయ్య ఒక్కడే వచ్చాడు. ఆ తరవాత రాయగడ స్టేషన్లో పార్సిలు మూటలు మోసి మోసి రిటైరయ్యాడు.

ఆయన దగ్గర ఒక బిస్కెట్ల రేకు డబ్బా ఉండేది. దాన్నిండా పాత కాగితం నోట్లు. ఏదీ అంగట్లో చెల్లదు. తెల్లరాజు బొమ్మ ఉన్న బర్మా నోట్లు, నైజాం నోటు, జపానువాళ్లు అచ్చేసిన నోటు ఒకటి, ఇంకా ఏవేవో. రంగం నుంచి తెచ్చినవి కొన్నే. మిగిలినవి స్టేషన్లో వచ్చేపోయేవాళ్ల దగ్గర అడిగి తీసుకున్నవి. కూతురు విసుక్కునేది. "సెల్లని నోట్లకి ఇన్ని సేవలేటి నాన్నా, సెల్లే నోటొకటి తే, ఉప్పు కొనుక్కుంటాం" అనేది. ఆయన నవ్వి, చేతిలో నోటు మళ్లీ చుట్టుకునేవాడు.

ఆ నోట్లను దాచడానికి ఆయనకు ఒక పద్ధతుండేది. నోటు మడవకూడదు. జిగురు అంటించకూడదు. ఒక్కొక్క నోటుకు ఒక్కొక్క పల్చటి తెల్ల కాగితం చుట్టి, దాని మూల పెన్సిలుతో ఒక మాట రాసేవాడు. డబ్బా అడుగున ఎండు వేపాకు, నాలుగు కలరా ఉండలు. నెలకోసారి ఎండ తగలని చోట చాప పరిచి, నోట్లన్నీ ఆరబెట్టి మళ్లీ సర్దేవాడు. సర్దడం కూడా విలువను బట్టి కాదు. పెద్ద నోటు ముందూ చిన్న నోటు వెనకా అని లేదు. ఎవరి చేతి నుంచి ఏది ముందు వచ్చిందో అదే వరస. మొట్టమొదటిది తమ్ముడి నోటు. కొండల్లో నడుస్తూ తమ్ముడు మొలలోంచి తీసి ఇచ్చాడట. "నువ్వుంచన్నయ్యా, నా కాడ సెమటకి తడిసిపోతంది" అన్నాడట. అది బర్మా ఐదు రూపాయల నోటు. దాని వెనక దానిలాంటిదే ఇంకొకటి. అది రంగంలో తాతయ్య కడసారి కూలి.

ఆయన చేతులు వణికేవి కనక, నోట్లు తీసిపెట్టే పని నాది. నాకు తొమ్మిదేళ్లో పదేళ్లో. "అమ్మీ, సేతులు కడుక్కున్నావా? తుడుసుకున్నావా? అంచట్టుకో, నడిమి ముట్టకు" అని ప్రతిసారీ చెప్పేవాడు. ఆ పని నాకు ఎంత గొప్పగా ఉండేదో. ఇంట్లో నాకు అప్పగించే పనులన్నీ పేడ ఎత్తడం, చెల్లెల్ని ఎత్తడం. ఇదొక్కటే మెత్తటి పని.

ఒక శ్రావణమాసం వానలు పట్టుకున్నాయి. రాయగడ వానలు మీకు తెలుసో తెలీదో, పట్టాయంటే వారాల తరబడి వదలవు. అప్పుడే పార్వతీపురంలో వాళ్ల చుట్టాలెవరో పోతే తాతయ్య పది రోజులు అక్కడికి వెళ్లాల్సి వచ్చింది. వాళ్లింటి పెంకు కారుతోందని డబ్బా మా ఇంట్లో పెట్టాడు. "దినానికొక్క పాలి మూత తీసి గాలి తగలనియ్యి. అంతే. లోపలేటీ సెయ్యకు" అని నాకు చెప్పి వెళ్లాడు.

నాలుగో రోజో అయిదో రోజో మూత తీస్తే నోట్లు చెమ్మకు మెత్తబడిపోయి ఉన్నాయి. పైకెత్తితే తడి గుడ్డపేలికల్లా వేలాడాయి. ముక్కిన వాసన కూడా వేస్తోంది. మా ఇంట్లో మెత్తబడిన దేనికైనా ఒకటే మందు తెలుసు. మా నాన్న పట్టాల మీద పనిచేసేవాడు. ఆయన ఖాకీ బట్టలకు మా అమ్మ గంజి పెట్టి, ఇత్తడి చెంబులో నిప్పులు పోసి దాంతో ఇస్త్రీ చేసేది. గంజి పెట్టిన చొక్కా వేసుకుంటే నాన్న కూడా నాలుగు రోజులు మనిషిలా నిలబడేవాడు. ఆ రోజు అమ్మ నీళ్ల కుళాయి దగ్గరికి పోయింది. గంజి తప్పేలా పొయ్యి పక్కనే ఉంది. ఇంక నేను ఆగలేదు.

ఒక్కొక్క నోటూ కాగితంలోంచి తీసి గంజిలో ముంచాను. పొయ్యి చుట్టూ ఆరబెట్టాను. చెంబుతో రుద్దాను. నైజాం నోటు ఒక మూల కమిలింది కానీ మిగిలినవన్నీ అప్పడాల్లా ఫెళఫెళలాడాయి. ఎంత మురిసిపోయానో. పెద్దవి కింద, చిన్నవి పైన, చక్కగా దొంతి పెట్టాను. చుట్టిన కాగితాలన్నీ విడిగా ఒక కట్ట కట్టాను. ఏ కాగితం ఏ నోటుదో నాకు తెలియలేదు. చదివి తెలుసుకుందామంటే వాటి మీద రాసింది తెలుగు. నేను వెళ్లిన రెండేళ్ల బడిలో నేర్పినవి ఒడియా అక్షరాలు. మాట్లాడేది తెలుగైనా ఒక్క అక్షరం చదవలేను. అక్కడి మా తెలుగు పిల్లలందరిదీ అదే బతుకు.

తాతయ్య వచ్చాడు. నేనే డబ్బా ఎత్తుకుని పరుగెత్తుకెళ్లి ఇచ్చాను, మెచ్చుకుంటాడని. మూత తీశాడు. పై నోటు ముట్టుకున్నాడు. వేలు వాసన చూశాడు.

"గంజెట్టేవా అమ్మీ?" అన్నాడు మెల్లగా.

నాకప్పుడు అర్థమైంది, ఏదో తప్పు జరిగిందని. ఈలోగా మా అమ్మ వచ్చి విషయం తెలిసి నా వీపు మీద ఒకటి వేసింది. "నీ సేతులిరిగిపోనూ! ఆయన పేనంలా దాసుకున్నవి, ఎవులు ముట్టమన్నారే నిన్ను?" అని రెండోది వేయబోయింది. తాతయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. "ఊరుకో కూతురా. ఇస్త్రీ బాగానే సేసింది. మీ ఆయన సొక్కా కన్నా నయం" అన్నాడు. అమ్మకు నవ్వు వచ్చింది, కోపం పోలేదు.

తరవాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు. గంజి అంటే పురుగులకు అన్నం. నోటుకు గంజి ఉంటే బొద్దింకలూ కాగితాలు తినే పురుగులూ దారి అడుక్కుని మరీ వస్తాయి. చెమ్మకు మెత్తబడ్డది ఎండితే తనే లేస్తుంది, దాన్ని అలా వదిలెయ్యాలి. అని చెప్పి, పళ్లెంలో మంచినీళ్లు పోయించాడు. ఇద్దరం ఒక్కొక్కటీ ముంచి గంజి వదిలించాం. రుద్దకుండా, పాత పంచె మడతల్లో పెట్టి నీరు పీల్పించాం. రెండు రోజులు పట్టింది.

ఆ రెండు రోజుల్లో ఆయన పెన్సిలు కాగితాలు ఒక్కొక్కటీ చదివి, ఏ నోటు దేనిదో జ్ఞాపకం తెచ్చుకుని చుట్టాడు. నైజాం నోటు తెలిసిపోయింది. జపాను నోటు తెలిసిపోయింది. అన్నీ తెలిసిపోయి చివరికి రెండు కాగితాలూ రెండు నోట్లూ మిగిలాయి. రెండూ బర్మా ఐదు రూపాయలు. రెండిటికీ ఒకటే రంగు, ఒకటే రాజు, ఒకటే నలుగుడు. నంబర్లు రాసుకునే మనిషి కాదు ఆయన. ఒక కాగితం మీద తమ్ముడు అనీ, ఒకదాని మీద నా కూలి అనీ రాసి ఉందని చదివి చెప్పాడు.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "తమ్ముడి తాతది ఏది తాతా? తెల్దా? నాను పోగొట్టీసేనా?" అని అడిగాను. ఆ చనిపోయినాయన నోటు నేను ఆయన దగ్గర్నుంచి లాగేసుకున్నట్టే అనిపించింది. అన్నం తినలేననిపించింది.

తాతయ్య ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఎడమ పక్క నోటు తీశాడు. "ఇదే. ఆడిదే. నా తమ్ముడిది నానెరగనేటే యెర్రిపిల్లా?" అన్నాడు. అని దాన్ని తమ్ముడి కాగితంలో పెట్టమని నాకే ఇచ్చాడు. నా కడుపు చల్లబడింది. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

మరుసటి నెల నోట్లు ఆరబెట్టేప్పుడు మొదటి కాగితం విప్పాను. అందులో రెండు నోట్లూ ఉన్నాయి. దాని వెనక ఉండాల్సిన కూలి కాగితం డబ్బాలో లేదు. ఆయన నా వైపు చూడలేదు. "జాగర్తగా పెట్టమ్మీ" అన్నాడంతే. పొరపాటున పెట్టాడేమో అనుకున్నాను. చిన్నదాన్ని, అంతకన్నా తోచలేదు. ఏది తమ్ముడిదో ఆయనకు తెలియలేదనీ, అందుకే రెండిటినీ తమ్ముడి పేరు కింద కలిపేశాడనీ అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. పెళ్లై సెమిలిగుడ వచ్చాక ఒక రోజు, బియ్యం ఏరుతూ ఏరుతూ, ఉన్నట్టుండి అర్థమైంది. అప్పటికి ఆయన లేడు.

నా పెనిమిటి ముప్పైఅయిదేళ్లకే పోయాడు. లారీ మీద నుంచి పడ్డాడు. ఆసుపత్రిలో రెండు రోజులు ఉన్నాడు కానీ కన్ను తెరవలేదు, పెదవి కదపలేదు. పిల్లవాణ్ణి లోపలికి రానివ్వలేదు. అంతా అయిపోయి ఇంటికి వచ్చాక, జనం పలచబడ్డాక, నా కొడుకు వచ్చి నా మోకాలి మీద చెయ్యి వేశాడు. ఎనిమిదేళ్ల వాడు. "నాన్న నన్నడిగేడా అమ్మా?" అన్నాడు.

నేను ఊపిరి కూడా తీసుకోలేదు. "అడిగేడు. నా కొడుకేడీ అన్నాడు" అన్నాను.

ఆగి ఉంటే వాడికి తెలిసిపోయేది. ఆగకూడదని నాకెవరూ నోటితో చెప్పలేదు. తాతయ్య చేసి చూపించాడు. ఆ తరవాత ఆ మాట బరువంతా లోపల ఎక్కడో మనమే మొయ్యాలనీ ఆయన్ని చూసే తెలుసుకున్నాను. మోస్తున్నాను. అలిసిపోయాను కానీ మోస్తున్నాను.

నా కొడుక్కి ఇప్పుడు వాడి నాన్న కన్నా పెద్ద వయసు. అప్పుడప్పుడు పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని, మీ తాత పోయేముందు నా కోసమే అడిగేడు అని చెబుతాడు. చెప్పి నా వైపు చూస్తాడు. నేను చేస్తున్న పని ఆపకుండానే, అవునంటాను.