పధ్నాలుగు గంటల దూరం

అతను కళ్ళద్దాల దుకాణం వెనక గదిలో కూర్చుని అద్దాల అంచులు అరగదీసేవాడు. ఫ్రేముకు సరిపోయేలా దిద్ది, తుడిచి, చిన్న కిటికీలోంచి ముందు గదికి అందించేవాడు. రోజంతా కలిపి పది మాటలు మాట్లాడితే గొప్ప. దుకాణంలో వాళ్ళు అతన్ని ‘మౌనంగారు’ అని పిలిచేవాళ్ళు.

పెళ్ళి నిలవలేదు. భార్య నర్సు ఉద్యోగం చూసుకుని కూతురితో సహా వేరే ఊరికి వెళ్ళిపోయింది. రైల్లో పధ్నాలుగు గంటల దూరం. ఏటా రెండుసార్లు సెలవులకి పిల్ల తండ్రి దగ్గరికి రావాలనీ, రాక ఖర్చు తండ్రిదనీ, పోక ఖర్చు తల్లిదనీ వకీలు కాగితం మీద రాయించాడు. తిలా పాపం తలా పిడికెడన్నట్టు ఇద్దరూ సంతకాలు పెట్టారు. ఆ రోజు నుంచే ఆమె అతన్ని ‘మీరు’ అనడం మొదలుపెట్టింది. అంతకుముందు తొమ్మిదేళ్ళూ ‘నువ్వు’ అనేది.

పిల్లని తీసుకురావడానికి అతనే వెళ్ళేవాడు. తిరుగు రైల్లో మొదటి రెండు గంటలూ ఆ పిల్ల కొత్తవాళ్ళ పక్కన కూర్చున్నట్టు ముడుచుకుని కూర్చునేది. మూడో గంటకి చెప్పులు విప్పి కాళ్ళు అతని ఒళ్ళో పెట్టేది. ఇక అక్కణ్ణుంచి నోటికి తాళం ఉండేది కాదు. టీచరుగారి తుమ్ములు, ఊడిన పన్ను, స్నేహితురాలితో తగాదా. ఇల్లు చేరాక అతను పనికి పోయేవాడు, పిల్ల పక్కింటి పెద్దావిడ దగ్గర టీవీ ముందు ఉండేది. సాయంత్రం తండ్రీ కూతుళ్ళిద్దరూ మాటలు వెతుక్కునేవాళ్ళు. అతనికి సెలవులంటే ఆ రైలే.

పిల్లకి తొమ్మిదో ఏడు నడుస్తుండగా తల్లి ఫోన్ చేసింది. ఆసుపత్రిలో సెలవు దొరకడం లేదట, టికెట్ల ధర చూస్తే గుండె గుభేలుమంటోందట. దారి మధ్యలో జంక్షన్ ఉంది కదా, ఇద్దరం అక్కడిదాకా వచ్చి పిల్లని అప్పగించుకుందాం అంది. ఖర్చూ సగం, అలసటా సగం. తప్పు పట్టడానికి ఏమీ లేదు. అతను సరేనన్నాడు. ఫోన్ పెట్టేశాక వేళ్ళ మీద గంటలు లెక్కపెట్టుకున్నాడు. ఏడు. అందులో మొదటి రెండూ ఎలాగూ పోతాయి.

ఆ మొదటిసారి తల్లి పిల్లని తెల్లవారకముందే లేపి బయల్దేరదీసింది. జంక్షన్లో దగ్గుమందు సంచిలో ఏ జేబులో ఉందో చెప్పి వెళ్ళిపోయింది. రైలు కదలగానే పిల్ల సంచి మీద తల పెట్టుకుని నిద్రపోయింది. ఏడు గంటలూ లేవలేదు. అతను లేపలేదు.

సెలవులయ్యాక మళ్ళీ జంక్షన్‌కి వచ్చారు. తల్లీ పిల్లా ఎక్కాల్సిన రైలు గంటన్నర ఆలస్యం. ముగ్గురూ ఒకే సిమెంటు బల్ల మీద కూర్చున్నారు. పిల్ల సీసాలో నీళ్ళు పట్టుకోవడానికి వెళ్ళినప్పుడు అతను నోరు విప్పాడు.

“వచ్చేసారి మీ ఊరిదాకా నేనే వస్తాను.”

“మళ్ళీ ఆ ఖర్చెందుకు?”

“నేనే పెట్టుకుంటాను.”

“వద్దండీ. రేపు ఏదైనా మాటొస్తే నేను తేరగా తిన్నదాన్నవుతాను.”

అతను పట్టాల కేసి చూశాడు. “అది నాతో రైల్లోనే మాట్లాడుతుంది,” అన్నాడు. “ఇంట్లో మాట్లాడదు. ఈసారి నిద్రపోయింది.”

“ఆ ముక్క ఫోన్లోనే చెప్పొచ్చుగా,” అంది ఆమె. అతనికి చెప్పడం రాదని ఆమెకి తెలియంది కాదు. వాళ్ళ కాపురం కూలింది అక్కడే.

పిల్ల వచ్చేలోగా ఒప్పందం మారిపోయింది. పిల్ల సెలవులకి వచ్చేటప్పుడు అతను ఆ ఊరిదాకా వెళ్తాడు, ఆ టికెట్లలో సగం ఆమె ఇస్తుంది. పోయేటప్పుడు మాత్రం జంక్షనే.

నాలుగేళ్ళు అలా గడిచాయి. పదమూడో ఏట కూతురే ఫోన్ చేసింది. “నువ్వు ఊరికే తిరగక్కర్లేదు నాన్నా, నేనే వచ్చేస్తాను. ఒక్క టికెట్టే, మీరిద్దరూ చెరి సగం వేసుకోండి.” లెక్క చక్కగా కుదిరింది. అతను సరేనన్నాడు.

ఆ రోజు గంట ముందే స్టేషన్‌కి వెళ్ళి నిలబడ్డాడు. కూతురు తన ఈడు అమ్మాయితో నవ్వుతూ దిగింది. దారిలో కలిసిందట. కబుర్లన్నీ ఆ అమ్మాయికి చెప్పేసినట్టుంది, ఇద్దరి గొంతులూ బొంగురుపోయాయి. ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నారు. అతను సంచి అందుకుని నాలుగడుగులు వెనకగా నడిచాడు. బస్సులో కూతురు కిటికీ పక్కన కూర్చుని, ఆకలేస్తోంది నాన్నా అంది. ఏం తింటావని అడిగాడు. ఏదైనా సరే అంది.