ఆమేన్ నుంచి పలకరింపు దాకా

మా బాబాయి బైబిలు మరిచిపోయి చర్చికి వెళ్లిన రోజులున్నాయి గానీ, స్టాప్‌వాచీ మరిచిపోయి వెళ్లిన రోజు లేదు. ముప్పై నాలుగేళ్లు బడిలో డ్రిల్లు మాస్టారుగా పిల్లల్ని పరుగెత్తించిన మనిషి. రిటైరై ఈ ఊరొచ్చాక పరుగెత్తించడానికి ఎవరూ దొరక్క, ఊళ్లో చర్చిలన్నిటికీ పందెం పెట్టేశాడు.

ఆదివారానికో కొత్త చర్చి. ఆఖరి బెంచీలో కూర్చుంటాడు. చివరి ‘ఆమేన్’ వినపడగానే వాచీ నొక్కి, గుమ్మం పక్కకెళ్లి నోరు మెదపకుండా నిలబడతాడు. ముక్కూ మొహం తెలియని తనని ఎవరైనా తమంతట తాము వచ్చి పలకరిస్తే వాచీ ఆపుతాడు. పాస్టరుగారు పలకరిస్తే లెక్కలోకి రాదు, అది ఆయన పని. నడక ఆపకుండా ‘వందనాలు’ విసిరేసి పోయేవాళ్లు అసలే రారు. పిన్నీ, ఉద్యోగం పేరుతో వాళ్లింట్లో మకాం పెట్టిన నేనూ గేటు దగ్గర ఆయనెవరో తెలియనట్టు నిలబడాలి. అబ్బ, ఆ కాసేపూ నాకు ఒకటే ఉత్కంఠ!

ఓసారి రెండువేలమంది పట్టే పెద్ద చర్చికి వెళ్లాం. ముప్పై ఒక్క నిమిషాలు గడిచాక ఓ కుర్రాడు నవ్వుతూ తిన్నగా బాబాయి దగ్గరికే వచ్చాడు. బాబాయి బొటనవేలు వాచీ మీదకి వెళ్లింది.

“అంకుల్, కాస్త పక్కకి జరుగుతారా? మీ వెనక స్విచ్ బోర్డుంది.”

“ఇది లెక్కలోకి వస్తుందా బాబాయ్?” అని దారిలో అడిగాను.

“మనిషిని చూసి పలకరించాలే తల్లీ, స్విచ్చుని చూసి కాదు!”

ఇంకోచోట నాలుగు నిమిషాలకే ఓ భారీ మనిషి వచ్చి, “అన్నయ్యా! ఎన్నాళ్లయింది నిన్ను చూసి!” అని కావలించుకున్నాడు. నేను ఎగిరి గంతేశాను. బాబాయికి నిజాయితీ ఓ జబ్బు కదా, “నేను మీ అన్నయ్యని కాదండీ” అన్నాడు. ఆయన కౌగిలి వదిలేసి అలాగే వెళ్లిపోయాడు.

పందొమ్మిదో వారానికి పిన్ని భగ్గుమంది.

“ఓ సంఘంలో చేరి నలుగురికీ పనికొద్దామనుకున్నాం. నాకు పాడాలనుంది, మంచాన పడ్డవాళ్లని చూసి రావాలనుంది. మీరేమో గోడతోనైనా గంటసేపు మాట్లాడే మనిషి! ఎవరో పలకరించకపోతే మీకేం లోటొచ్చింది? వచ్చే ఆదివారం తేల్చకపోతే నా దారి నాదే.”

బాబాయి తలెత్తి పైకప్పు వైపు చూశాడు. మా మేడమీద గదిలో అద్దెకుంటున్న దర్జీగారి మిషను చప్పుడు వినిపిస్తోంది.

“నాకోసం కాదే” అన్నాడు నెమ్మదిగా. “ఆయనకి నత్తి కదా. పోయిన సంఘంలో ఏడాదిపాటు ఒక్కరూ ఆగి మాట్లాడలేదట. ఆ సంగతి నాతో చెప్పడానికే ఆయనకి ఓ సాయంత్రం పట్టింది. మళ్లీ అలాంటి చోటికే వెళ్తే ఇంక ఏ గడపా తొక్కడు. ముందు నేను చూసొస్తానని మాటిచ్చాను.”

పిన్ని ముక్కు ఎగబీల్చింది. “ఈ ముక్క మొదటి వారమే చెప్పి ఏడిస్తే నేనూ ఓ నాలుగు చర్చిలు చూసొచ్చేదాన్ని కదా! మన వీధి చివర, టైర్ల కొట్టు మీద ఉన్నది చూశారా?”

“అదా? రేకుల షెడ్డు. నలభైమంది కూడా ఉండరు.”

“అవున్లెండి, పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు!”

గడువు ఆదివారం రానే వచ్చింది. ఈసారి పిన్ని పిలుపు మీద దర్జీగారు కూడా మాతో బయల్దేరారు, తను కుట్టుకున్న కొత్త చొక్కా వేసుకుని. భయంతో దాని బొత్తాలు పదేపదే సరిచూసుకుంటున్నారు. టైర్ల కొట్టు పక్క ఇరుకు మెట్ల మీద ఓ ఆంటీ పొడవాటి బెంచీతో ఒంటరిగా కుస్తీ పడుతోంది.

“బాబూ, ఆ చివర కాస్త పట్టుకోండి” అంది దర్జీగారితో. ఆయన పట్టుకున్నారు. “ఎక్కడుంటారు మీరు?”

దర్జీగారు నోరు తెరిచారు. “ఈ... ఈ...”

బాబాయి జేబులో వాచీ టిక్కుమంది. మా వెనక జనం పోగవుతున్నారు. ఉండబట్టలేక ఆ మాట నేనే పూర్తి చేయబోతే, బాబాయి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఆంటీ బెంచీ దించలేదు, మాట అందివ్వలేదు, చూపు తిప్పుకోలేదు.

“ఈ... ఈ వీధిలోనే.”

“ఈ వీధిలోనేనా! మరి ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కున్నారండీ? ఎత్తండి, బరువంతా నావైపే వేస్తున్నారు!”

దర్జీగారు పకపకా నవ్వారు. ఆయన నవ్వు అంతకుముందు నేనెప్పుడూ వినలేదు. బాబాయి మెట్ల మీదే చిందులేస్తూ వాచీ పిన్ని ముక్కు కింద పెట్టాడు.

“నలభై మూడు సెకండ్లే! బెంచీ మోస్తూ నలభై మూడు సెకండ్లు ఆగిందే ఆ మహాతల్లి!”

అదే మా సంఘమైంది. పిన్ని పాడుతోంది, వీధిలో మంచాన పడ్డవాళ్లందరి ఇళ్లూ చుట్టి వస్తోంది. బాబాయి సాయంత్రాలు వీధి పిల్లలందరినీ పోగేసి పరుగెత్తిస్తున్నాడు. ఆంటీ దర్జీగారిని గుమ్మం దగ్గర పలకరించే పనిలో పెట్టింది. ఆయన ప్రతివాళ్ల చెయ్యీ పట్టుకుని, చెప్పదలచుకున్నది పూర్తిగా చెప్పాకే వదులుతారు. లైను మెట్లు దిగి టైర్ల కొట్టు దాకా వస్తుంది. ఆరాధన ప్రతివారం పావుగంట ఆలస్యం. ఎవరూ విసుక్కోరు. బాబాయైతే తన వంతు అయిపోయాక లోపలికి పోకుండా, మెట్లు దిగి మళ్లీ లైను చివర నిలబడుతున్నాడు.